ఇంజను స్టార్ట్ అయితే చాలదు: పాత జీపు మళ్లీ రోడ్డెక్కాలంటే ఏమేం తేలాలి

ఏళ్ల తరబడి షెడ్డులో పడి ఉన్న పాత జీపును బయటికి లాగుతారు. కొత్త బ్యాటరీ పెడతారు, కార్బురేటర్‌లో కాస్త పెట్రోలు పోస్తారు, సెల్ఫ్ కొడతారు. నాలుగు దగ్గులు దగ్గి, ఇంత పొగ వదిలి ఇంజను అందుకుంటుంది. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొడతారు. వీడియో అక్కడితో అయిపోతుంది. ఇలాంటివి చూసి పాత ఫోర్‌వీల్ డ్రైవ్ బండి మీద మనసు పడ్డవాళ్లకు అసలు గందరగోళం ఆ తర్వాతే మొదలవుతుంది. బండి మొత్తం విప్పాల్సిందేనని ఒకరంటే, ఆయిల్ మార్చి నడిపేయమని ఇంకొకరంటారు. ఇప్పటి పెట్రోలు పాత ఇంజనుకు విషమని ఒక వాదన, అదంతా ఉత్త భయమని ఇంకో వాదన. డిస్క్ బ్రేకులు పెట్టకపోతే ప్రమాదమనేవాళ్లు కొందరు, పెడితే బండి విలువే పోతుందనేవాళ్లు ఇంకొందరు.

ఇన్ని మాటలు రావడానికి కారణం, మూడు ప్రశ్నలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోవడమే. ఇంజను తిరుగుతుందా అన్నది మొదటిది. బండి ఆగమన్నచోట ఆగి, తిప్పిన వైపు తిరుగుతుందా అన్నది రెండోది. చట్టమూ పాత బండ్ల సంఘాలూ దాన్ని ఇంకా ఆ పాత బండిగానే ఒప్పుకుంటాయా అన్నది మూడోది. మొదటి ప్రశ్నకు అవునన్న జవాబు వచ్చినంత మాత్రాన మిగతా రెండింటి గురించి ఏమీ తెలియదు.

ఏ బండ్ల గురించి ఈ మాటలు

పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య అయిన ఫీవా లెక్క ప్రకారం, చారిత్రక వాహనం అనిపించుకోవాలంటే బండికి కనీసం 30 ఏళ్లుండాలి, తన కాలానికి తగిన రూపంలోనే ఉండాలి, రోజువారీ రాకపోకలకు వాడుతూ ఉండకూడదు. దేశాల చట్టాలు ఈ వయసును వేరువేరుగా పెట్టుకుంటాయి.

ఆఫ్‌రోడ్ బండ్లలో ఈ కోవలోకి వచ్చేవి ప్రధానంగా కొన్ని కుటుంబాలు. 1941 నుంచి సైన్యం కోసం తయారైన విల్లీస్ ఎంబీ, 1948లో ఆమ్‌స్టర్‌డామ్ ప్రదర్శనలో కనిపించిన ల్యాండ్ రోవర్, 1960లో వచ్చిన టొయోటా ల్యాండ్ క్రూజర్ 40 సిరీస్, వీటి వారసులు, వీటిని చూసి చేసినవి. పేర్లు వేరైనా కింద నిర్మాణం దాదాపు ఒకటే. నిచ్చెనలాంటి ఇనుప చాసిస్, దాని కింద కమాన్ పట్టీలు, ముందూ వెనకా గట్టి ఇరుసులు, గేరుబాక్స్ వెనక ట్రాన్స్‌ఫర్ కేస్. ఇది గేరుబాక్స్ నుంచి వచ్చే బలాన్ని రెండు ఇరుసులకూ పంచే పెట్టె.

కదలకుండా ఉన్నా బండి అరుగుతుంది

బండి కొనేటప్పుడు అందరూ చూసేది మీటరు. ఎక్కువ రోజులు నిలబడిన బండికి అది పెద్దగా పనికొచ్చే లెక్క కాదు. తిరిగే బండి రాపిడితో అరుగుతుంది. నిలబడిన బండి గాలి, తేమ, కాలం వల్ల పాడవుతుంది. రెండోరకం అరుగుదల మీటరులో పడదు, అదీగాక బండిలో వేరే చోట్ల కనిపిస్తుంది.

రబ్బరు గట్టిపడి పగుళ్లిస్తుంది. ఆయిల్ సీళ్లు ఒకవైపే ఆరిపోయి, బండి కదిలిన రోజు నుంచే కారడం మొదలుపెడతాయి. క్లచ్ ప్లేటు తుప్పుతో ఫ్లైవీల్‌కు అతుక్కుపోతుంది. ఏదో ఒక వాల్వు తెరుచుకుని ఉన్న సిలిండర్‌లోకి తేమ చేరి, పిస్టన్ రింగుల దగ్గర తుప్పు పడుతుంది. అలాంటి ఇంజనుకు నేరుగా సెల్ఫ్ కొడితే రింగులు విరగొచ్చు, సిలిండర్ గోడలు గీసుకుపోవచ్చు. అనుభవమున్న మెకానిక్‌లు ముందు ప్లగ్గులు తీసి నూనె వేసి, ఒకటి రెండు రోజులాగి, చేత్తో తిప్పి చూసేది ఇందుకే.

టైర్ల దగ్గర మోసపోవడం తేలిక. బురద నేలల టైరుకు గాడి లోతు ఎక్కువ, కాబట్టి పదిహేనేళ్ల టైరు కూడా చూపుకు కొత్తదే అనిపిస్తుంది. వయసు చెప్పేది దాని పక్కగోడ మీది కోడ్. 2000 నుంచి తయారైన టైర్లలో డాట్ (అమెరికా రవాణా శాఖ గుర్తు) అక్షరాల వరుస చివర నాలుగంకెలుంటాయి. 2417 అంటే 2017లో 24వ వారం. మూడంకెలే ఉన్నాయంటే అది 2000కు ముందుది. 318 అని ఉంటే 31వ వారం, ఏడాది చివర 8. అది 1988 కావచ్చు, 1998 కావచ్చు. ఏదైనా రోడ్డుకు పనికొచ్చే వయసు కాదు.

చాసిస్ సంగతి ఇంకా చిక్కు. పెట్టెలా మూసిన ఇనుప చాసిస్ లోపలి నుంచి తుప్పు పడుతుంది, బయట రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. ల్యాండ్ రోవర్‌లో ఈ భ్రమ ఇంకా ఎక్కువ. యుద్ధం తర్వాత ఉక్కు కరువు వల్ల దాని బాడీని బర్మాబ్రైట్ అనే అల్యూమినియం మిశ్రమంతో చేశారు. అది తుప్పు పట్టదు, కాబట్టి బండి పైనుంచి బాగానే కనిపిస్తుంది. కింద చాసిస్ మాత్రం ఉక్కే. పైగా అల్యూమినియం ఉక్కును తాకే చోట తేమ చేరితే ఆ రెండు లోహాల మధ్య రసాయన చర్య జరిగి, అల్యూమినియం తెల్లటి పొడిలా రాలుతుంది. సుత్తితో తట్టి శబ్దం వినడం, స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడటం మొరటుగా కనిపిస్తాయిగానీ, మెరిసే పెయింటు ఉన్న బండి దగ్గర అంతకన్నా నమ్మకమైన పరీక్ష తక్కువ.

ఆగడం ఎందుకు అన్నిటికన్నా ముందు

ఇంజను దారిలో ఆగిపోతే బండి పక్కన నిలబడుతుంది. బ్రేకు పోతే నిలబడదు. ఇంత తేలికైన విషయాన్ని చాలామంది వెనక్కి నెట్టడానికి కారణం ఒక్కటే, బ్రేకు పనిలో చప్పట్లుండవు.

పెడల్ తొక్కినప్పుడు మాస్టర్ సిలిండర్ బ్రేక్ ఆయిల్‌ను సన్నటి గొట్టాల్లోంచి తోస్తుంది. ఆ ఒత్తిడికి ప్రతి చక్రంలోని వీల్ సిలిండర్ తెరుచుకుని, షూలను చక్రంతోపాటు తిరిగే డ్రమ్ముకు అదుముతుంది. మామూలుగా వాడే డాట్ 3, డాట్ 4 రకాల బ్రేక్ ఆయిళ్లు గాల్లోని తేమను పీల్చుకుంటాయి. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదన్నది ప్రమాణం. అందులో 3.7 శాతం నీరు చేరితే ఆ హద్దు 155కు పడిపోతుంది. ఘాట్ దిగేటప్పుడు డ్రమ్ములు వేడెక్కి ఆయిల్ మరిగితే గొట్టంలో ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కితే నలగదు, ఆవిరి నలుగుతుంది. పెడల్ నేలదాకా పోతుంది, బండి పోతూనే ఉంటుంది. అదే నీరు గొట్టాలను, సిలిండర్లను లోపలి నుంచి తుప్పు పట్టిస్తుంది కూడా.

సిలికాన్‌తో చేసే డాట్ 5 తేమను పీల్చదు. ఎక్కువకాలం నిలబెట్టే బండ్లకు అదే మేలని ఒక వర్గం అంటుంది. ఎదుటివాళ్ల మాటలోనూ బలముంది. పీల్చదు కాబట్టి లోపలికి చేరిన నీరు కలవకుండా అడుగున ఒకచోట గుమికూడి, అక్కడే తుప్పు పెడుతుంది. పెడల్ కూడా కాస్త మెత్తగా అనిపిస్తుంది. ఇద్దరూ ఒప్పుకునేది ఒకటుంది: రెండు రకాలనూ కలపకూడదు.

పాత రబ్బరు బ్రేకు గొట్టం చేసే తమాషా ఇంకొకటి. బయట బాగానే ఉండి లోపల ఉబ్బిపోతుంది. పెడల్ ఒత్తిడికి ఆయిల్ అటు వెళుతుంది, కాలు తీస్తే వెనక్కి రాదు. ఆ చక్రం పట్టేసి వేడెక్కుతుంది. తప్పు డ్రమ్ములో ఉందనుకుని దాన్నే పదేపదే విప్పుతుంటారు.

ఇక అసలు డిజైన్. చాలా పాత జీపుల్లో బ్రేకు ఆయిల్‌కు ఒకటే సర్క్యూట్. ఎక్కడో ఒకచోట కారితే నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. తర్వాత వచ్చిన డ్యూయల్ సర్క్యూట్‌లో ఒక భాగం పోయినా రెండోది మిగులుతుంది. పాత బండిని పూర్తిగా బాగు చేసి ఫ్యాక్టరీ స్థితికి తెచ్చినా ఈ బలహీనత పోదు, ఎందుకంటే అది పాడైపోవడం వల్ల వచ్చింది కాదు, పుట్టుకతోనే ఉన్నది.

వేగం కూడా కలుపుకుని చూడాలి. కదిలే బండిలోని శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది. 50 కిలోమీటర్ల వేగం నుంచి ఆగినప్పుడు డ్రమ్ములు మింగే వేడి 1 అనుకుంటే, 80 నుంచి ఆగినప్పుడు 2.56. వేగం 60 శాతం పెరిగింది, వేడి రెండున్నర రెట్లయింది. నెమ్మది రోడ్లకు తగిన డ్రమ్ము ఇప్పటి హైవే మీద తేలిపోయేది ఇక్కడే.

ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పుకోవాలి. పాతకాలపు బ్రేక్ లైనర్లలో, క్లచ్ ప్లేట్లలో ఆస్బెస్టాస్ ఉండేది. డ్రమ్ము విప్పి గాలి కొట్టి దుమ్ము ఎగరగొట్టే పాత అలవాటు ఊపిరితిత్తులకు నేరుగా ముప్పు.

ఇప్పటి పెట్రోలు, ఆయిల్ మీద వాదనలు

మొదట సీసం. 1920ల నుంచి పెట్రోల్లో టెట్రాఇథైల్ లెడ్ కలిపేవారు. ఇంజను కొట్టుకోకుండా ఆపడమే దాని ముఖ్య పని. కానీ అది వాల్వు సీట్ల మీద, అంటే వాల్వులు మూసుకున్నప్పుడు ఆనే అంచుల మీద, పలచటి పొరగా పేరుకుని, మెత్తని పోత ఇనుము సీట్లను అరగకుండా కాపాడేది కూడా. రోడ్డు వాహనాల పెట్రోల్లోంచి సీసం ప్రపంచమంతటా 2021 నాటికి పోయింది. దాంతో పాత ఇంజన్లలో వాల్వు సీట్లు అరిగి లోపలికి దిగిపోతాయన్న భయం మిగిలింది. ఆ భయానికి ఆధారముంది, అయితే హద్దూ ఉంది. అరుగుదల ఎక్కువగా కనిపించేది అధిక వేగంతో, అధిక భారంతో గంటల తరబడి తిరిగే ఇంజన్లలో. నెమ్మదిగా, అప్పుడప్పుడూ తిరిగే జీపు ఇంజను చాలాకాలం నెట్టుకొస్తుంది. వాల్వు క్లియరెన్స్ (వాల్వు దగ్గర వదిలే సన్నటి ఖాళీ) తరచూ తగ్గిపోతోందంటే అరుగుదల మొదలైనట్టే. హెడ్ ఎప్పుడో విప్పక తప్పదు, గట్టి సీట్లు అప్పుడు వేయించుకోవచ్చనేవాళ్ల వాదనే నాకు సబబుగా అనిపిస్తుంది.

ఇథనాల్ విషయం ఇంకాస్త లోతైనది. అందులో మూడు వేర్వేరు సమస్యలున్నాయి. పాత రబ్బరు గొట్టాలను, డయాఫ్రమ్‌లను, కొన్ని లోహాలను అది దెబ్బతీస్తుంది. నీటిని పీలుస్తుంది, నీరు మితిమీరితే ఇథనాల్, నీరు కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు దిగుతాయి. మూడోది మిశ్రమం లెక్క. మామూలు పెట్రోలు పూర్తిగా మండటానికి ప్రతి గ్రాముకూ దాదాపు 14.7 గ్రాముల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 చాలు. 20 శాతం ఇథనాల్ కలిస్తే సగటు 13.5 దగ్గరికి వస్తుంది. ఇప్పటి కారులో ఆక్సిజన్ సెన్సర్ దీన్ని గమనించి ఇంధనం పెంచుతుంది. కార్బురేటర్‌కు ఆ తెలివి లేదు. దానిలో పెట్రోలు వచ్చే సన్నటి రంధ్రమైన పాత జెట్ పాత లెక్కే ఇస్తుంది కాబట్టి మిశ్రమం సుమారు 8 శాతం పలచబడుతుంది, అంటే గాలికి తగ్గ ఇంధనం అందదు. ఇంజను తడబడటం, మామూలు కన్నా వేడెక్కడం దాని గుర్తులు. రోజూ నడిచే బండికి కొత్త గొట్టాలు, కాస్త పెద్ద జెట్ సరిపోవచ్చు. ఆరు నెలలకోసారి బయటికొచ్చే బండికి అదే పెట్రోలు ట్యాంకులో నిలవ ఉండటమే పెద్ద చిక్కు. ‘మా బండికి ఏమీ కాలేదు’ అనేవాళ్లకూ ‘మా ట్యాంకు నాశనమైంది’ అనేవాళ్లకూ మధ్య తేడా తరచూ ఇంతే.

ఆయిల్ దగ్గర కొత్తదే మంచిదనుకునే అలవాటు ఒక్కోసారి ఎదురు తిరుగుతుంది. గేరాయిల్ డబ్బా మీద జీఎల్-4, జీఎల్-5 అని ఉంటుంది. పెద్ద అంకె చూసి జీఎల్-5 పోస్తారు. ఇరుసులో ఒకదానిమీద ఒకటి జారుతూ తిరిగే హైపాయిడ్ గేరు పళ్లకు దానిలోని గంధకం, భాస్వరం మందులు అవసరమే. అవే మందులు గేరుబాక్స్‌లోని ఇత్తడి, కంచు ముక్కలను తినేయగలవు. ఇరుసుకు మంచిదైన డబ్బా గేరుబాక్స్‌కు చెడ్డది కావచ్చు.

పొడి రోడ్డు మీద ఫోర్‌వీల్ ఎందుకు పనికిరాదు

కొత్తగా ఈ బండ్లు నడిపేవాళ్లు ఫోర్‌వీల్ వేస్తే పట్టు పెరుగుతుంది కదా, ఎప్పుడూ వేసుకుంటే పోలా అనుకుంటారు. ఈ పాత బండ్లలో ఎక్కువవాటికి ముందు, వెనక ఇరుసుల మధ్య డిఫరెన్షియల్, అంటే రెండువైపులా వేరువేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల పెట్టె, లేదు. ఫోర్‌వీల్ వేయగానే ట్రాన్స్‌ఫర్ కేస్ నుంచి ఇరుసులకు వెళ్లే రెండు ప్రొపెల్లర్ షాఫ్టులూ ఒకే వేగంతో తిరగాలి. కానీ మలుపులో ముందు ఇరుసు వెనకదానికన్నా ఎక్కువ దూరం పోవాలి.

ఎంత ఎక్కువో లెక్క వేయవచ్చు. విల్లీస్ ఎంబీకి, తొలి ల్యాండ్ రోవర్‌కు వీల్‌బేస్ (ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం) 80 అంగుళాలు, అంటే 2.03 మీటర్లు. వెనక ఇరుసు నడిమి భాగం 6 మీటర్ల వ్యాసార్థంతో తిరుగుతోందనుకుందాం. ముందు ఇరుసు వ్యాసార్థం 6.33 మీటర్లవుతుంది. పావు చుట్టు మలుపులో వెనకది 9.42 మీటర్లు, ముందుది 9.95 మీటర్లు ప్రయాణిస్తాయి. తేడా అర మీటరు పైన. టైరు చుట్టుకొలత 2.25 మీటర్లయితే అది దాదాపు పావు చుట్టు. విల్లీస్ ఇరుసు నిష్పత్తి 4.88, అంటే చక్రం ఒక చుట్టు తిరిగితే షాఫ్టు 4.88 చుట్లు తిరుగుతుంది, కాబట్టి షాఫ్టు దగ్గర ఆ తేడా ఒక చుట్టును దాటుతుంది. ఒక్క మలుపుకే ఇంత. బురదలో, ఇసుకలో చక్రం జారి ఆ తేడాను వదిలించుకుంటుంది. పొడి తారు మీద జారలేదు. ఆ మెలి అంతా షాఫ్టుల్లో, గేర్లలో బిగుసుకుంటుంది. ఫోర్‌వీల్ లీవరు వెనక్కి రానని మొండికేయడం ఈ బిగింపు వల్లే, చాలాసార్లు లీవరు పాడై కాదు.

దీనికి మలుపే అక్కర్లేదు. ముందు కొత్త టైర్లు, వెనక అరిగినవి ఉండి చుట్టుకొలతలో 3 సెంటీమీటర్ల తేడా వచ్చినా, ఫోర్‌వీల్‌లో నేరుగా వెళ్లే ప్రతి కిలోమీటరుకూ 13 మీటర్లకు పైగా పొంతన తప్పుతుంది.

వేగం, స్టీరింగ్, వెలుతురు

అదే 4.88 నిష్పత్తి ఇంకో సంగతి చెబుతుంది. టాప్ గేరులో గంటకు 80 కిలోమీటర్లు పోతే ఇంజను నిమిషానికి దాదాపు 2,900 సార్లు తిరుగుతుంది. 60 హార్స్‌పవర్ ఇచ్చే విల్లీస్ 2.2 లీటర్ల ఇంజనుకు పూర్తి శక్తి వచ్చేది 4,000 దగ్గర. ఆ వేగంతో పోలేదని కాదు, హాయిగా పోయే చోటు అది కాదు. కొందరు ఓవర్‌డ్రైవ్ గేరు (అదే వేగానికి ఇంజను తక్కువ తిరిగేలా చేసేది) తగిలిస్తారు. ఇంజను శాంతిస్తుంది, బ్రేకులు, స్టీరింగ్ మాత్రం పాతవే. వాటి హద్దు దాటడం ఇంకా తేలికవుతుంది.

స్టీరింగ్‌లో ప్లే ఉంటే అందరి వేలూ స్టీరింగ్ బాక్స్ వైపే పోతుంది. గట్టి ముందు ఇరుసున్న బండిలో కింగ్‌పిన్ (ముందు చక్రం పక్కలకు తిరిగే కీలు) బేరింగులు, రెండు చక్రాలనూ కలిపే టై రాడ్ చివర్లు, కమాన్ పట్టీల బుష్‌లు, ఒక్కోదానిలో చిన్న వదులు కలిసి పెద్దదవుతుంది. ఒక వేగం దగ్గర ముందు చక్రాలు విపరీతంగా వణకడం దీని తీవ్ర రూపం. కుదుపును మింగే డ్యాంపర్ వేస్తే వణుకు కనిపించకుండా పోతుంది, కారణం అలాగే ఉంటుంది.

కరెంటు విషయంలో 6 వోల్టుల బండ్లకు చెడ్డపేరు ఎందుకొచ్చిందో ఒక బల్బు చెబుతుంది. 36 వాట్ల హెడ్‌లైట్ 6 వోల్టుల మీద 6 ఆంపియర్లు లాగుతుంది, 12 వోల్టుల మీద 3. తుప్పు పట్టిన ఎర్త్ దగ్గర 0.1 ఓమ్ నిరోధం ఉందనుకోండి. మొదటిదానిలో 0.6 వోల్టు, అంటే పదో వంతు పోతుంది. రెండోదానిలో 0.3 వోల్టు, అంటే 2.5 శాతం. వోల్టేజి తగ్గితే వెలుతురు అంతకన్నా చాలా వేగంగా పడిపోతుంది కాబట్టి 6 వోల్టుల లైటు సుమారు 30 శాతం, 12 వోల్టులది సుమారు 8 శాతం మసకబారుతుంది. అందుకే 12 వోల్టులకు మార్చాలా అన్న చర్చకు ముందు ఎర్త్ గీకి శుభ్రం చేసి చూడటంలో అర్థముంది.

ఎంత మార్చినా అది అదే బండేనా

ఇక్కడ రెండు పక్షాలూ పట్టుదలగా ఉంటాయి. కాపాడుకోవాలనేవాళ్లకు ఫీవా 2012లో ఆమోదించిన ట్యూరిన్ చార్టర్ ఆధారం. బండి మీద కాలం వదిలిన గుర్తులు కూడా చరిత్రే కాబట్టి వీలైనంత తక్కువ మార్చాలని, మార్చినా నమోదు చేయాలని, తిరిగి వెనక్కి తెచ్చేలా ఉండాలని దాని ధోరణి. రెండో పక్షం మాట సూటిగా ఉంటుంది: బండి మ్యూజియంలో లేదు, లారీల మధ్య ఉంది. సీటు బెల్టులు, ఇండికేటర్లు, మంచి బ్రేకులు లేకుండా దాన్ని రోడ్డు మీదికి తేవడం ఎదుటివాళ్లకూ ముప్పే.

చాలామంది మధ్యలో ఆగుతారు. డ్యూయల్ సర్క్యూట్ మాస్టర్ సిలిండర్, వెనక ఇండికేటర్లు, బలమైన బల్బులు లాంటివి బోల్టులతో బిగించి, మళ్లీ విప్పగలిగేలా పెడతారు. చాసిస్ కోసి, వెల్డింగ్ చేసి పెట్టే మార్పులు ఆ గీతకు అవతలివి. సీటు బెల్టు కూడా పలచటి రేకుకు బిగిస్తే నిజమైన తాకిడిలో ఊడి వస్తుంది. చాసిస్‌కు అందే ఆధారం కావాలి, కాబట్టి ఈ గీత ఎప్పుడూ స్పష్టంగా ఉండదు.

చట్టం ఈ ప్రశ్నను అంకెల్లోకి ఎలా దించుతుందో చూడాలంటే, బ్రిటన్ బాగా మార్చిన బండ్లకు చాలాకాలం పాటించిన పాయింట్ల పద్ధతి మంచి ఉదాహరణ. అసలు చాసిస్‌కు, లేదా అదే కొలతలతో చేసిన సరికొత్త చాసిస్‌కు 5. సస్పెన్షన్, ఇరుసులు, గేరుబాక్స్, స్టీరింగ్, ఒక్కోదానికి 2. ఇంజనుకు 1. మొత్తం 14. పాత రిజిస్ట్రేషన్ నంబరు నిలవాలంటే కనీసం 8 రావాల్సి ఉండేది. ఒకాయన తుప్పు పట్టిన చాసిస్ తీసేసి అదే నమూనాలో కొత్తది వేశాడనుకుందాం: 5 నిలిచాయి. కమాన్ పట్టీలు పాతవే, ఇంకో 2. డీజిల్ ఇంజను పెట్టాడు, దానికి సరిపడే అయిదు గేర్ల బాక్స్ పెట్టాడు, డిస్క్ బ్రేకులున్న వేరే ఇరుసులు తెచ్చాడు, పవర్ స్టీరింగ్ బిగించాడు. మిగిలినవి 7. ఆ పద్ధతిలో పాత నంబరు పోయేది, క్యూ అక్షరంతో కొత్త నంబరు వచ్చేది, బండి విడిగా ఆమోద పరీక్షకు వెళ్లాల్సి వచ్చేది. పాత స్టీరింగ్ బాక్స్ ఒక్కటి ఉంచుకుని ఉంటే 9 వచ్చేవి.